మగపెళ్ళివారి సమీక్ష

మా విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగకపోవడానికి కారణం మర్యాద. నిధులు లేవనీ, పరికరాలు లేవనీ, కరెంటు నిలవదనీ బయట చెప్పుకునేవాళ్ళం. అవీ నిజమే. కానీ ఆ మూడూ ఉన్న రోజున కూడా మర్యాద అడ్డొచ్చేది. ఎదుటివాళ్ళు రాసింది చదివి "ఇది బాలేదు" అనగల మనిషి మా మూడంతస్తుల భవనంలో ఒక్కరూ లేరు. ఆ భవనం గుడివాడకీ బందరుకీ మధ్య వరిచేలల్లో ఉంటుంది. రోడ్డు మీంచి చూసినవాళ్ళు రైసు మిల్లనుకుంటారు. ధాన్యం లారీవాళ్ళు గేటు దగ్గర ఆగి రేటు కూడా అడుగుతారు. మా వాచ్‌మన్ మర్యాదస్తుడు కాబట్టి ఏదో ఒక రేటు చెప్పి పంపిస్తాడు.

నాకు పరిశోధన విభాగం అప్పగించడానికి కారణం మాత్రం ఒక పీత. నేను పాఠం చెప్పేది ఆర్థికశాస్త్రం, పుట్టింది దివిసీమలో, నాగాయలంక దాటాక. మావైపు అబద్ధాలు ఆడరు. ఊళ్ళు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి మాట చేరేసరికి కాస్త పెరుగుతుంది, అంతే. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో భోజనాల దగ్గర, మా తాతగారి గొడుగుని మడ అడవిలో పీత ఒకటి ఎత్తుకుపోయి వానాకాలమంతా దాని కింద కాపురం చేసిన సంగతి చెప్తున్నాను. వెనకాల వీసీగారు నిలబడి ఉన్నారని తెలీదు.

"ఆ పీత గొడుగు ముయ్యగలిగిందా?" అని అడిగారాయన.

"తెరవడం వచ్చిందండీ, ముయ్యడం రాలేదు. అందుకే ఎండాకాలంలో దొరికిపోయింది" అన్నాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అధ్యాపకుల పరిశోధనా సామర్థ్యాన్ని పెంపొందించే విభాగానికి నేను సమన్వయకర్తని. ఎందుకండీ అని అడిగితే వీసీగారు, "ప్రశ్న అడిగితే మీ దగ్గర జవాబు ఉంది. మనలో అలాంటివాళ్ళు తక్కువ" అన్నారు.

విభాగానికి ఇచ్చిన గది అంతకుముందు పాత జవాబు పత్రాల కొట్టు. అక్కడి ఎలుకలు కొన్నేళ్ళపాటు అన్ని సబ్జెక్టులూ తిన్నాయి. మొదటి రోజు ఒకటి బీరువా మీంచి నన్ను చూసింది. నాది ఆర్థికశాస్త్రమని తెలుసుకుని నిరాశగా వెళ్ళిపోయింది. ఆ గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను పెట్టారు. ఫ్యాను తిరిగితే కంప్యూటరు ఆగేది, కంప్యూటరు తిరిగితే నేను ఆగేవాణ్ణి.

సామర్థ్యం పెంచమన్నారు కదా అని మొదట అందరూ చేసే పనే చేశాను. ప్రాజెక్టు ప్రతిపాదన ఎలా రాయాలో నేర్పడానికి విశాఖపట్నం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాను. ఆయన ఒక నమూనా ప్రతిపాదన పంచిపెట్టి, ఇదిగో ఇలా రాయండి అన్నారు. వచ్చినవాళ్ళందరికీ మా విశ్వవిద్యాలయం బొమ్మ వేసిన సంచి కూడా ఇచ్చాం. సామర్థ్యం ఎంత పెరిగిందో చెప్పలేను కానీ, గుడివాడ కూరగాయల మార్కెట్టులో మా సంచులు మాత్రం బాగా కనిపించేవి.

ఆ తర్వాత రెండేళ్ళకి పైగా గడిచాక, ఒక రోజు కెమిస్ట్రీ మేడమ్ నా గదికి వచ్చారు.

ఆవిడది గుడివాడ. తండ్రి, మేనత్త, పెద్దనాన్న, అందరూ టీచర్లే. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్తారు. ఆవిడ తలపెట్టిన ప్రాజెక్టు చెప్తాను, కష్టమేమీ కాదు. పెడనలో కలంకారీ అద్దకం వేసేవాళ్ళు బట్టని రంగు కాగులో ఉడకబెట్టి, తర్వాత కాలువలో పారే నీళ్ళలో జాడిస్తారు. నీళ్ళని బట్టి ఎరుపు మారుతుంది. ఒకప్పుడు దానిమ్మ గింజలా వస్తుంది, ఒకప్పుడు పాత ఇటుకలా వస్తుంది. నీళ్ళలో ఉన్న ఏ పదార్థం వల్ల ఇలా జరుగుతోందో కనుక్కోవాలని ఆవిడ పట్టుదల.

దాని కోసం ఢిల్లీలో యువ శాస్త్రవేత్తలకిచ్చే ఒక పథకానికి ఇప్పటికి రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ ఇంటర్వ్యూ దాకా వెళ్ళి, "పని ప్రణాళిక నమ్మకం కలిగించలేదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగొచ్చారు. ఈసారి మళ్ళీ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇదే ఆఖరు. ఆ పథకానికి వయసు పరిమితి ఉంది, ఆవిడకి ఈ ఏడాదితో దాటిపోతుంది. దాటితే పెద్దవాళ్ళ పథకాలున్నాయి. కానీ వాటికి అంతకుముందు ప్రాజెక్టు చేసి ఉండాలి. అంటే ఇది రాకపోతే ఇంకేదీ రాదు. రిటైరయ్యే దాకా పిల్లలచేత పిపెట్లు కడిగించుకుంటూ ఉండాలి.

"ఇక్కడ ఒక మాక్ ఇంటర్వ్యూ పెట్టించండి సార్. గట్టిగా అడిగేవాళ్ళని కూర్చోబెట్టండి" అన్నారు.

పెట్టించాను. మా దగ్గర ఇలాంటి సమావేశాలకి బందరు లడ్డు పెట్టడం ఆనవాయితీ. అది నోట్లో పడిన మనిషి కాసేపు ప్రశ్న అడగలేడు. అడగగలిగే వేళకి టీ వస్తుంది, టీ అయ్యేసరికి బస్సు వేళవుతుంది. ఆ రోజు బల్లకి అటువైపు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఫిజిక్సు మాస్టారు. పెదపారుపూడి రైతు కుటుంబం, మా అందరికంటే పెద్దాయన, అటెండర్ని మంచినీళ్ళు అడగాల్సి వచ్చినా ముందు క్షమాపణ చెప్పుకునే మనిషి. రెండోవారు స్టాటిస్టిక్సు మేడమ్. ఆవిడ గొంతు వినాలంటే ఫ్యాను ఆపాలి.

కెమిస్ట్రీ మేడమ్ స్లయిడ్లన్నీ చూపించారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు మాస్టారు.

"ప్రశ్నలు అడగండి సార్."

"అడుగుతున్నా. ఎరుపు రంగే ఎందుకు తీసుకున్నావు? అంటే, మన పెడనకి ఎరుపే ప్రధానం కాబట్టి తీసుకున్నావు. అంతే కదా? మంచి జవాబు."

"నేనింకా చెప్పలేదు సార్."

"చెప్పినట్టే లెక్కమ్మా. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

స్టాటిస్టిక్సు మేడమ్ ఫ్యాను ఆపించారు. "నాకొక చిన్న సందేహం ఉందండీ. చిన్నదే. అడక్కపోయినా పర్లేదు."

"అడగండి మేడమ్."

"వద్దులెండి. అదే సర్దుకుంటుంది."

అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు ఇంకో లడ్డు తీసుకుంటూ, ఢిల్లీవాళ్ళు అదృష్టవంతులన్నారు.

మర్నాడు పొద్దున్నే కెమిస్ట్రీ మేడమ్ నా బల్ల ముందు నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నన్ను తిట్టే మనిషి కావాలి" అన్నారు.

"ఎంతవరకు?"

"ఏడ్చేంతవరకు అయినా పర్లేదు. రెండుసార్లు ఇక్కడ అందరూ బాగుందన్నారు, అక్కడ బాలేదన్నారు. ఎక్కడ బాలేదో చెప్పేవాళ్ళు లేరు. ఈ కృష్ణా జిల్లాలో ఒక్కరూ లేరా సార్, వంక పెట్టేవాళ్ళు?"

"ఇంట్లో?"

"ఇంట్లో ఎందుకు లేరు, మా ఆడపడుచు ఉంది. కాఫీ కలిపి ఇస్తే, పాలు ఏ డెయిరీవో, నేను ఏ గిన్నెలో కాచానో, ఆ గిన్నె సరిగ్గా తోమలేదో, అన్నీ చెప్తుంది. ఆవిడకి కెమిస్ట్రీ వచ్చుంటే నాకు రెండేళ్ళ కిందటే ప్రాజెక్టు వచ్చేది."

ఆవిడ వెళ్ళిపోయారు. నేను ఫ్యాను కింద కూర్చుని ఆ మాటే ఆలోచించాను. ఆలోచిస్తుంటే మాస్టారి తమ్ముడి కొడుకు పెళ్ళి గుర్తొచ్చింది.

ఆ పెళ్ళి గుడివాడలో, ఒక కళ్యాణ మంటపంలో జరిగింది. మగపెళ్ళివారి విడిదిలో మాస్టారు మధ్యలో కూర్చున్నారు. ఆ మనిషేనా అని నేను కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. కాఫీ చల్లగా ఉందని ఒకసారి, వేడిగా ఉందని ఒకసారి వెనక్కి పంపారు. సరిగ్గా ఉందని రూఢి అయ్యాక, కప్పు చిన్నదని పంపారు. "వేణ్ణీళ్ళు పెట్టారు సరే, అందులో కలుపుకోడానికి చన్నీళ్ళు ఎవరు పెడతారయ్యా?" అని పెళ్ళికూతురి మేనమామని నిలదీశారు. టిఫిన్లో పెసరట్టు అంచు ఎందుకు కరకరలాడలేదో సంజాయిషీ అడిగారు. వంటాయన వచ్చి చేతులు కట్టుకు నిలబడితే గానీ శాంతించలేదు. ఆ రెండు రోజులూ మాస్టారు తన మర్యాదని ఆడపెళ్ళివారికి అప్పజెప్పి, తాను హాయిగా ఉన్నారు.

మావైపు ఎంత మెత్తటి మనిషైనా మగపెళ్ళివారి బస్సులోంచి దిగితే నోరు వస్తుంది. అది ఆ మనిషి తప్పు కాదు, హోదా. వంక పెట్టకపోతేనే ఆడపెళ్ళివారు భయపడతారు, ఏదో మనసులో పెట్టుకున్నారని. కోట్లు పెట్టి సామర్థ్యాలు పెంచే దేశాల్లో ఈ సౌకర్యం లేదు.

నేను మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, శనివారం సెమినార్ హాల్లో విడిది ఏర్పాటు చేస్తున్నాం. మీరు మగపెళ్ళివారు."

"పెళ్ళెవరికయ్యా?"

"కెమిస్ట్రీ మేడమ్ ప్రాజెక్టుకి."

"అబ్బాయెవరు?"

"కేంద్ర ప్రభుత్వం."

"ఉద్యోగం?"

"పర్మనెంటు."

మాస్టారు, "సంబంధం మంచిదే. అయితే మనం గట్టిగా ఉండాల్సిందే" అన్నారు.

శనివారం హాస్టల్ నుంచి పరుపులూ దిండ్లూ తెప్పించాను. చాపలు పరిపించాను. ఫ్లాస్కులో కాఫీ, పళ్ళెంలో లడ్లు. గుమ్మం దగ్గర నేనే పన్నీరు చల్లాను. మాస్టారు చేతికి ఉంగరం పెట్టుకుని వచ్చారు. స్టాటిస్టిక్సు మేడమ్ పట్టుచీర కట్టుకున్నారు. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చోగానే, ఫ్యాను తిరుగుతుండగానే, గొంతు వినిపించింది.

"ఈ దిండులో దూదెక్కడ ఉందండీ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. పద్ధతి పనిచేస్తోంది.

ఆ తర్వాత గంటకి పైగా మాస్టారూ మేడమూ మమ్మల్ని చీల్చి చెండాడారు. కాఫీలో చికోరీ ఎక్కువైంది. చాప అంచు గుచ్చుకుంటోంది. ఏసీ మోత. లడ్డు బందరుదేనా, లేక బందరు పేరు చెప్పి ఇంకెక్కడిదో తెచ్చారా. మధ్యలో కెమిస్ట్రీ మేడమ్ స్లయిడ్లు చూపించడం మొదలుపెడితే మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయిని అనడానికేముంది. బంగారం. మా గొడవంతా ఏర్పాట్ల గురించే."

"అవునండీ, అమ్మాయికి వంక లేదు" అన్నారు స్టాటిస్టిక్సు మేడమ్. "దిండే."

తప్పు నాదే. మగపెళ్ళివారు అన్నిటికీ వంక పెడతారు, నిశ్చయమైన పెళ్ళికూతురికి తప్ప. ముహూర్తం దాకా వచ్చాక ఆ పిల్లని అనరు, అది పద్ధతి. నేను ప్రాజెక్టుని తీసుకెళ్ళి సరిగ్గా ఆ పీట మీదే కూర్చోబెట్టాను.

కెమిస్ట్రీ మేడమ్ లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ వచ్చే శుక్రవారం.

"మీకు ఇది బాగానే ఉంటుంది సార్, తర్వాత ఎక్కడో చెప్పుకోడానికి" అన్నారు నాతో, మెల్లిగా. "నాకు మాత్రం ఇంకో ఏడాది లేదు."

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"దాన్ని పెళ్ళికూతుర్ని చెయ్యకండి. భోజనం చెయ్యండి. మా ఆడపడుచు నన్నేమీ అనదు. నేను వండినదాన్ని అంటుంది."

సోమవారం మధ్యాహ్నం అదే హాల్లో బంతి వేశాం. అరిటాకులు పరిచి, ఒక్కో ఆకులో ప్రతిపాదన ప్రతి ఒకటి పెట్టాం. ఈసారి నియమం ముందే చెప్పాను. అమ్మాయి సంగతి ఎవరూ ఎత్తొద్దు. ఇది విందు, మీరు మగపెళ్ళివారు, ఈ కాగితాలు ఆడపెళ్ళివారి వంట. నచ్చనిది ఆకులో వదిలెయ్యొద్దు, పిలిచి అడగండి. కెమిస్ట్రీ మేడమ్ నిలబడి వడ్డిస్తారు, అంటే ఒక్కో పేజీ చదువుతారు.

మొదటి పేజీ పప్పు. మాస్టారు ఇలా చదివి అలా, "ముద్ద కలవట్లేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటైతే ఇందులో నాలుగు పోశారు" అన్నారు. నేను పెన్ను తీశాను.

నాలుగో పేజీ దగ్గర స్టాటిస్టిక్సు మేడమ్ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"నెలకి ఒక్క సీసా నీళ్ళా? ఇంతమందిని పిలిచి ఒక్కొక్క గరిటె వడ్డిస్తారా ఎవరైనా? ఆ ఒక్క సీసా ఆ రోజు ఎందుకలా ఉందో ఎలా చెప్తావమ్మా? పక్కన ఇంకో నాలుగు ఉండాలి, పోల్చుకోడానికి."

"ఇదేనా మేడమ్, ఆ రోజు అడగబోయి మానేసింది?"

"ఇదే. చిన్నదే అన్నాను కదా" అన్నారావిడ. చిన్నది కాదని అప్పుడే అందరికీ తెలిసింది.

తర్వాత మాస్టారు వేలు పెట్టి ఒక పట్టిక చూపించారు. ఏడాది పొడుగునా, నెలనెలా, కాలువ నీళ్ళు ఎప్పుడెప్పుడు పట్టాలో ఉంది అందులో.

"ఈ వేసవి నెలల్లో నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"కాలువలోంచి సార్. పెడన కాలువ."

"కాలువ కట్టేస్తే?"

"కట్టెయ్యడం ఏంటి సార్?"

మాస్టారు ఆడపెళ్ళివారి వైపు, అంటే నా వైపు చూశారు. "వంటవాళ్ళు ఏ ఊరివాళ్ళయ్యా?" అన్నారు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగారు. "దాళ్వా, అంటే రెండో పంట, కోతకొచ్చాక పైన కాలువలన్నీ కట్టేస్తారమ్మా. మరమ్మతులకి. చెరువులు నింపుకోడానికి కాసిని వదులుతారు, తర్వాత చుక్క ఉండదు. ఆ నెలల్లో మా పెదపారుపూడి కాలువలో నేను మోటారు సైకిలు నడుపుతాను. పట్టికలో నువ్వు సీసా ముంచిన చోట పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు."

ఆవిడ టౌన్లో పుట్టి టౌన్లో పెరిగిన మనిషి. కాలువంటే బస్సు కిటికీలోంచి కనిపించేది. పెడన వెళ్ళి అద్దకం చూసింది శీతాకాలపు ఆదివారాల్లో. ఎండాకాలం వస్తే మేమందరం జవాబు పత్రాలు దిద్దే శిబిరాల్లో ఉంటాం. ఇక ఆ పట్టిక, నేను విశాఖపట్నం నుంచి తెప్పించిన నిపుణుడి నమూనాలోది. ఆయన రాసింది సముద్రం గురించి. సముద్రాన్ని ఎవరూ కట్టెయ్యరు.

"ఇందులో తప్పుందని మీకెప్పుడు తెలిసింది సార్?" అని అడిగారు కెమిస్ట్రీ మేడమ్.

"కాలువ సంగతా? పుట్టినప్పట్నుంచీ తెలుసు."

"ఈ పట్టిక సంగతి."

మాస్టారి వేలు ఆకు మీంచి మెల్లిగా పక్కకి వచ్చింది. మగపెళ్ళివారి హోదా ఆ క్షణంలో దిగిపోయింది, మామూలు మనిషి మిగిలాడు.

"మొదటిసారి నువ్వు చూపించినప్పుడే అనుకున్నానమ్మా."

"అంటే రెండేళ్ళ కిందట."

"ఎలా అంటాం? అంత కష్టపడి రాసుకొచ్చావు. అందరి ముందూ."

సాధారణంగా ఇలాంటప్పుడు నా దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. మా ఊరి పడవ ఒకటి ఒంటరిగా అవనిగడ్డ వెళ్ళి సరుకులు తెచ్చిన సంగతి, లేకపోతే ఇంకోటి. ఆ మధ్యాహ్నం ఏదీ రాలేదు. ఆవిడ చేతిలో కాగితాలు అలాగే పట్టుకుని నిలబడ్డారు. మాస్టారు తల ఎత్తలేదు. రెండేళ్ళు తక్కువేం కాదు, ఆవిడకి అసలు ఉన్నవే మూడు అవకాశాలు.

కాసేపటికి ఆవిడే అన్నారు. "మిగతా పేజీలు చదవనా సార్? విందు సగంలోనే ఉంది."

ఆ సాయంత్రం బస్సులు వెళ్ళిపోయినా ఎవరూ లేవలేదు. మాస్టారు ప్రతి పేజీకీ వంక పెట్టారు. ఒక్కటి కూడా దిండు గురించి కాదు.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి పెడన వెళ్ళారు. కాలువ కట్టేసిన నెలల్లో ఏం చేస్తారని అద్దకంవాళ్ళని అడిగారు. కొందరు బోరు నీళ్ళతో సరిపెట్టుకుంటున్నారట, కొందరు చెరువు నీళ్ళు తెచ్చుకుంటున్నారట, కొందరు ఆ నెలల్లో ఎరుపు జోలికే పోరట. సముద్రం దగ్గరవుతున్న కొద్దీ బోరులో ఉప్పు ఎక్కువ. ఆవిడ తిరిగొచ్చేసరికి ప్రాజెక్టు మారిపోయింది. కాలువ ఉన్నప్పటి ఎరుపు, లేనప్పటి ఎరుపు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పట్టికలో తప్పుగా ఉన్న నెలలే ఇప్పుడు ముఖ్యమైన నెలలు.

ఒక చిక్కుంది. దరఖాస్తు పాతదే వెళ్ళిపోయింది. మార్చగలిగేవి ఇంటర్వ్యూలో చూపించే స్లయిడ్లు మాత్రమే.

"పట్టిక ఊసెత్తకు. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి మన కాలువల సంగతేం తెలుస్తుంది?" అన్నారు మాస్టారు.

"రెండుసార్లు నమ్మకం కలగలేదన్నారు సార్. వాళ్ళకి తెలిసే ఉంటుంది" అన్నారు ఆవిడ. "మొదటి స్లయిడ్లోనే చెప్తాను, అక్కడ రాసింది తప్పని."

నేను రెండు వైపులా తలూపాను. సమన్వయకర్త పని అదే.

శుక్రవారం ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో, నా గదిలోనే, కంప్యూటరు ముందు. ఫ్యాను ఆపేశాం. నేనూ మాస్టారూ వరండాలో నిలబడ్డాం. తలుపు సందులోంచి మాటలు సరిగ్గా వినపడలేదు కానీ, ఎవరో ఆవిడ మాటకి అడ్డొచ్చినట్టూ, ఆవిడ వాళ్ళ మాటకి అడ్డొచ్చినట్టూ తెలుస్తోంది. మాస్టారు చెమట తుడుచుకుంటూ, మనవాళ్ళ పిల్ల ఇలా ఎదురు మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుందయ్యా అన్నారు. మీ బంతిలోనే మాస్టారూ అన్నాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది.

"తప్పని చెప్పగానే ఒకావిడ, మరి రెండుసార్లు ఎందుకు రాశారని అడిగింది. తెలీక రాశానన్నాను. తర్వాత బోరు ఎంత లోతు, ఎన్ని సీసాలు, ఎవరు పడతారు, అన్నీ అడిగారు. ఒకాయన నా మాట అసలు ఒప్పుకోలేదు. నేనూ ఆయన మాట ఒప్పుకోలేదు."

"బాగుందని ఎవరైనా అన్నారా?" అని అడిగారు మాస్టారు.

ఆవిడ మొహం కొంచెం వాడిపోయింది. "చివర్లో ఒకాయన, చాలా బాగుందన్నారు సార్."

"ఆయనది ఏ ఊరు?"

"తెలీదు సార్."

"మనవైపు మనిషైతే కష్టం" అన్నారు మాస్టారు.

ఫలితం రావడానికి నెలలు పట్టింది. ఈలోగా వీసీగారు నివేదిక అడిగితే, 'స్థానిక సంప్రదాయంపై ఆధారపడిన సమీక్షా విధానం' అని రాసిచ్చాను. ఆయన చదువుతూ పరుపులూ దిండ్ల దగ్గర ఆగారు. ఇవేంటి అన్నారు. పరికరాలండీ అన్నాను. సంతకం పెట్టారు. చరిత్ర విభాగంవాళ్ళు తమకీ ఒక విడిది కావాలని అడిగారు. మగపెళ్ళివారి వైపు కూర్చోడానికి పోటీ ఎక్కువై, పేర్లు రాసుకోవాల్సి వచ్చింది. వాచ్‌మన్ కూడా తన పేరు ఇచ్చాడు. కెమిస్ట్రీ మేడమ్ ఇవేవీ పట్టించుకోలేదు. రోజూ పాఠం కాగానే నా గదికి వచ్చి, కంప్యూటర్లో ఆ ఢిల్లీ వాళ్ళ పేజీ తెరిచి, చూసి, మూసి, బస్సుకి వెళ్ళిపోయేవారు. నేను ఫ్యాను ఆపేవాణ్ణి.

దాళ్వా కోతలు సగమయ్యాక ఫలితం వచ్చింది. ఎంపికైనవాళ్ళలో ఆవిడ పేరు ఉంది. కింద ఒక షరతు కూడా ఉంది. కాలువ కట్టెయ్యక ముందు పట్టిన నీళ్ళు ఈ ఏడాదివే కావాలని, లేకపోతే వచ్చే ఏడాది దాకా పని మొదలుపెట్టినట్టు లెక్కలోకి రాదని.

ఆ సాయంత్రమే సన్మానం చెయ్యాలని వీసీగారు నిర్ణయించారు. హాల్లో కుర్చీలు వేశారు, శాలువా తెచ్చారు. అందరూ వచ్చాక చూస్తే కెమిస్ట్రీ మేడమ్ లేరు. పైన నీళ్ళు ఆపేశారని మధ్యాహ్నం మాస్టారికి ఊరి నుంచి ఫోను వచ్చిందట. ఆ మాట చెవిన పడగానే ఆవిడ ల్యాబులోంచి సీసాలు సర్దుకుని పెడన బస్సెక్కేశారు. నేను వేదిక మీద ఆవిడ తరఫున శాలువా కప్పించుకుని, నాలుగు మాటలు చెప్పి, మాస్టారి మోటారు సైకిలు వెనక కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కాలువలోకి దిగి ఉన్నారు. కొంచెం దిగువన అద్దకంవాళ్ళు ఆఖరి బట్టలు జాడించుకుంటున్నారు. గట్టు పొడుగునా ఎర్రబట్టలు ఆరేసి ఉన్నాయి. మాస్టారు బండికి స్టాండు వేస్తూనే మొదలుపెట్టారు.

"సీసా అలా పట్టుకుంటారా ఎవరైనా? మూతి ఎదురు పెట్టు, నీళ్ళొచ్చే వైపు."

"పెడితే అడుగున బురద లేచి వస్తోంది సార్. ఇందాకే చూశాను. మీరు అక్కడే ఉండండి, దిగకండి."

"నేను పుట్టింది కాలువ గట్టునమ్మా."

"అయినా సరే. మీరు దిగితే ఇంకా కలుస్తుంది."

మాస్టారు గట్టు మీద కూర్చుని చెప్పులు పక్కన పెట్టుకున్నారు. నేను మూతలు అందిస్తున్నాను. నీళ్ళు ఆవిడ మోకాళ్ళ దాకా ఉన్నాయి. గట్టు మీద తడి గీత అంతకు జానెడు పైన ఉంది. పొద్దున్న అక్కడి దాకా ఉన్నాయని, రేపటికి చీలమండ దాకా కూడా ఉండవని అద్దకంవాళ్ళు చెప్పారు. ఆవిడ నిండిన సీసా నాకిచ్చి, ఇంకోటి ముంచారు.